బ్రిటన్‌లో మొదటి కారు: 6,000 పౌండ్లకు ఏ పెట్రోలు బండి చూడాలి?

ప్రశ్న

పెద్దలందరికీ నమస్కారం. మేము ఈ మధ్యనే విజయవాడ నుంచి లండన్‌కు పడమరగా ఉన్న రెడింగ్‌కు వచ్చాము. మాకు నాలుగేళ్ల పాప, ఎనిమిది నెలల బాబు. ఆఫీసు ఇంటికి ఎనిమిది మైళ్ల దూరంలో ఉంది. ఇన్సూరెన్సు కాకుండా 6,000 పౌండ్ల వరకు పెట్టగలను. చిన్న టర్బో ఇంజను ఉన్న 2018 నాటి ఎస్‌యూవీ ఒకటి, 2014 నాటి టయోటా ఆరిస్ ఒకటి దాదాపు ఒకే ధరకు కనిపించాయి. వేసవిలో అమ్మానాన్నలు కూడా వస్తున్నారు కనుక ఏడు సీట్ల బండి చూడాలా అన్న సందేహమూ ఉంది. దయచేసి సలహా ఇవ్వగలరు.

మొదటి జవాబు

నమస్కారం. మీరు చూసిన రెండింటిలో నేను ఆరిస్ వైపే మొగ్గుతాను, అయితే దాని చరిత్ర పూర్తిగా చదివిన తరువాతనే. పాత కారు విషయంలో కంపెనీ పేరూ, తయారైన ఏడాదీ రెండో వరసలో ఉండాలి. ఆ ఒక్క బండిని ఇన్నేళ్లూ ఎవరు ఎలా చూసుకున్నారన్నది మొదటి వరసలో ఉండాలి. ఆ సంగతి తెలుసుకోవడానికి ఈ దేశంలో మంచి వీలుంది.

ఇక్కడ బండికి మూడేళ్లు నిండినప్పటి నుంచి ఏటా ఎంఓటీ పరీక్ష, అంటే బండి రోడ్డు మీద తిరగడానికి తగినదేనా అని చూసే పరీక్ష, చేయించాలి. రిజిస్ట్రేషన్ నంబరు ఒక్కటి ప్రభుత్వ వెబ్‌సైటులో ఇస్తే ఆ పరీక్షల ఫలితాలు పైసా ఖర్చు లేకుండా కనిపిస్తాయి. పాసయిందా, ఫెయిలయిందా అన్నది మాత్రమే చూసి ఊరుకోవద్దు. పాసయిన బండికి కూడా అడ్వైజరీ పేరుతో కొన్ని లోపాలు రాస్తారు, యజమాని తీరు అక్కడే బయటపడుతుంది. ముందు టైర్లు అరుగుదల హద్దుకు దగ్గరపడ్డాయని ఒక ఏడాది రాసి, మరుసటి ఏడాది ఆ మాట లేకపోతే టైర్లు మార్చినట్టు. వెనుక బ్రేకు పైపుకు తుప్పు పట్టిందన్న వాక్యమే వరుసగా మూడేళ్లు కనిపిస్తే, ఆ యజమాని సర్టిఫికెట్ కోసం తప్ప బండి కోసం డబ్బు పెట్టలేదని అర్థం చేసుకోవాలి. ఏ పరీక్ష నాటికి ఎన్ని మైళ్లు తిరిగిందో కూడా అక్కడే ఉంటుంది కనుక మీటరు వెనక్కి తిప్పి ఉంటే ఇట్టే పట్టుబడుతుంది.

తుప్పు గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. చలికాలంలో మంచు గడ్డకట్టకుండా ఇక్కడి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. అది బండి అడుగున చేరి ఇనుమును తినేస్తూ ఉంటే, పైన రంగు మాత్రం కొత్తగానే మెరుస్తూ ఉంటుంది. విజయవాడలో బండ్లు చూసి అలవాటైన కంటికి ఇది తట్టదు. అందుకని తప్పకుండా వంగి కిందికి చూడండి, ఫోనులో టార్చి వేసి మరీ చూడండి.

పెట్రోలే కావాలనుకోవడం సరైన నిర్ణయం. డీజిల్ బండిలో మసిని పట్టే ఫిల్టరు శుభ్రపడాలంటే ఇంజను బాగా వేడెక్కే దూర ప్రయాణాలు అవసరం, ఎనిమిది మైళ్ల ఆఫీసు దారి అందుకు చాలదు. పైగా 2023 ఆగస్టు 29 నుంచి లండన్ యూలెజ్, అంటే పొగ ఎక్కువ వదిలే బండ్లకు రుసుము వేసే ప్రాంతం, హీత్రూ విమానాశ్రయం దాకా వచ్చింది. పొగ విషయంలో యూరో 4 అనే ప్రమాణం అందుకున్న పెట్రోలు బండ్లకు, అంటే 2006 నుంచి రిజిస్టరైన వాటిలో దాదాపు అన్నిటికీ, రోజుకు 12.50 పౌండ్ల రుసుము పడదు. డీజిల్‌కైతే యూరో 6 ఉండాలి.

ఎస్‌యూవీలో ఏ ఇంజను ఉందో మీరు రాయలేదు. ఫోర్డ్ 1.0 ఎకోబూస్ట్‌లోనూ, పెజో, సిట్రోయెన్ బండ్ల 1.2 ప్యూర్‌టెక్‌లోనూ చాలా ఏళ్ల పాటు టైమింగ్ బెల్టు ఇంజనాయిల్‌లోనే తడుస్తూ తిరిగేలా పెట్టారు. వేళకు సరైన ఆయిల్ మార్చకపోతే ఆ బెల్టు పొడిపొడిగా రాలి ఆయిల్ పంపు జల్లెడకు అడ్డం పడుతుంది, ఆయిల్ అందక ఇంజను మొత్తం పాడయ్యే ప్రమాదం ఉంది. బెల్టు మార్చిన బిల్లు, క్రమం తప్పని సర్వీసు పుస్తకం చూపలేకపోతే అలాంటి బండి జోలికి వెళ్లవద్దు. మీ బడ్జెట్‌లో టర్బో లేకుండా, బెల్టుకు బదులు చెయిన్ ఉన్న ఇంజనే మేలు: ఆరిస్ 1.6 గానీ 1.8 హైబ్రిడ్ గానీ, హోండా సివిక్ 1.8, మాజ్దా 3లో 2.0 చూడండి. హోండా జాజ్ బయటికి చిన్నదిగా కనిపించినా, పెట్రోలు ట్యాంకు ముందు సీట్ల కింద ఉండటం వల్ల వెనుక సీటును పైకి మడిచి పిల్లల తోపుడు బండిని నిలువుగా పెట్టేయవచ్చు.

పదేళ్లు గానీ లక్ష మైళ్లు గానీ దాటని టయోటాకు కంపెనీ డీలరు దగ్గర సర్వీసు చేయించిన ప్రతిసారీ మరో ఏడాది వారంటీ ఇస్తారు. మీరు చూసిన 2014 బండికి ఆ గడువు దాటిపోయింది; ఇంకాస్త వెతికితే ఆ హద్దులోపలి ఆరిస్ దొరకవచ్చు. హైబ్రిడ్ ఆరిస్‌కూ, జాజ్‌కూ ఇక్కడ ఒక బెడద ఉంది: సైలెన్సర్ దారిలో ఉండి పొగను శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టరును దొంగలు కోసుకుపోతుంటారు. రాత్రిపూట బండి వీధిలోనే నిలపాల్సి వస్తే మామూలు పెట్రోలు ఆరిస్ గానీ సివిక్ గానీ తీసుకోవడం మంచిది.

చూడటానికి వెళ్లినప్పుడు ముందు బానెట్ మీద అరచెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే మీరు రాకముందే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట. చల్లటి ఇంజను చేసే టకటక చప్పుడు, సైలెన్సర్ నుంచి వచ్చే నీలిపొగ మీకు తెలియకుండా పోతాయి. అలాంటప్పుడు మరో పూట వస్తానని చెప్పి వెనక్కి రావడానికి మొహమాటపడవద్దు. టైరు పక్క గోడ మీద నాలుగంకెలు ఉంటాయి, 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. వీధిలో ఒక చుట్టు తిప్పి తీసుకురావడం చాలదు, మోటార్‌వే మీద డెబ్బై మైళ్ల వేగం దాకా తీసుకెళ్లండి. మన కుటుంబాలు బర్మింగ్‌హామ్ దగ్గరి టివిడేల్ బాలాజీ గుడికి వెళ్లేది ఆ వేగంతోనే. స్టీరింగ్ వణుకు, గాలి చప్పుడు అప్పుడే తెలుస్తాయి.

ఏడు సీట్ల బండి వద్దు. ఈ డబ్బుకు వచ్చేవి బాగా తిరిగి అలసిన బండ్లే అయి ఉంటాయి, కొన్ని వారాల చుట్టాల రాక కోసం మిగిలిన ఏడాదంతా ఆ ఖర్చు మోయడం ఎందుకు? అమ్మానాన్నలకు హీత్రూ నుంచి రెడింగ్‌కు రైల్ఎయిర్ బస్సు ఉంది, ఊళ్లు చూపించే రోజులకు పెద్ద బండి అద్దెకు తీసుకోవచ్చు. 6,000లో 600 దాకా పక్కన పెట్టండి. కొన్న వెంటనే ఆయిల్, ఫిల్టర్లు, ఒక జత టైర్లు మార్చాల్సి వస్తే తడుముకోనక్కరలేదు.

రెండో జవాబు

తమ్ముడికి నమస్కారం. అన్నయ్యగారు బండి గురించి వివరంగా చెప్పారు కనుక నేను ఇన్సూరెన్సు, లైసెన్సు గురించి రాస్తున్నాను. బేరం ఆడకముందే ఆ బండి నంబరు ఇచ్చి ఇన్సూరెన్సు ధర కనుక్కోండి. ఇక్కడ కార్లను 1 నుంచి 50 వరకు గ్రూపులుగా విభజించారు, గ్రూపు పెరిగే కొద్దీ ప్రీమియం పెరుగుతుంది. ఇండియా లైసెన్సుతో కొత్తగా వచ్చినవారికి ఆ మొత్తం చూసి గుండె గుభేలుమంటుంది. తక్కువ పడుతుందని స్నేహితుణ్ణి ప్రధాన డ్రైవరుగా చూపించే పని మాత్రం చేయవద్దు. అది మోసం కిందికి వస్తుంది, ప్రమాదం జరిగిననాడు పాలసీ చెల్లదనవచ్చు.

ఇండియా లైసెన్సుతో ఇక్కడ నివాసం మొదలైన నాటి నుంచి 12 నెలలే నడపవచ్చు. దాన్ని నేరుగా ఇక్కడి లైసెన్సుగా మార్చరు, ప్రొవిజనల్ (నేర్చుకునేవారి లైసెన్సు) తీసుకుని పరీక్షలు రాసి పాసవ్వాలి. పరీక్ష తేదీలు దొరకడం కష్టంగా ఉంది, ఇప్పుడే మొదలుపెట్టండి. ఆటోమేటిక్‌లో పాసైతే ఆటోమేటిక్ మాత్రమే నడపనిస్తారు, హైబ్రిడ్ ఆరిస్ ఆటోమేటిక్ కాబట్టి అది కొని దానిలోనే పరీక్షకు వెళ్లేముందు ఈ సంగతి ఆలోచించుకోండి. బాబు సీటును కూడా బండి చూడటానికి వెంట తీసుకెళ్లండి. వెనక్కి తిరిగి ఉండే సీటు బిగించాక ముందు కూర్చునేవారికి మోకాళ్ల చోటు మిగులుతుందో లేదో బిగించి చూస్తే తప్ప తెలియదు.

అడిగినవారి నుంచి

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఎస్‌యూవీ ఆలోచన మానుకున్నాను. ఇండియాకు తిరిగి వెళ్లిపోతున్న మనవారొకరు తమ సివిక్ 1.8 ఇస్తామంటున్నారు. తెలిసినవారి దగ్గర కాగితాలు అడిగితే బాగుంటుందా?

మొదటి జవాబు రాసినవారి నుంచి

తప్పకుండా అడగండి, అందులో వారిని అవమానించడం ఏమీ లేదు. డీలరు దగ్గర కొంటే 2015 వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం, బండిలో లోపం ఉన్నట్టు తేలితే 30 రోజుల లోపల తిరిగి ఇచ్చి డబ్బు అడగవచ్చు. మామూలు మనుషుల మధ్య అమ్మకానికి ఆ రక్షణ లేదు, బండి వారు వర్ణించినట్టు ఉండాలన్నది తప్ప. అందువల్ల తెలిసినవారి బండి అయితే మరింత శ్రద్ధగా చూడాలి.

వీ5సీ లాగ్‌బుక్ (బండి రిజిస్ట్రేషన్ పత్రం) లేకుండా డబ్బు ఇవ్వవద్దు. దాని మీద ఉన్న పేరు బండిని వాడుతున్నవారిదే, యజమాని పేరు వేరే కావచ్చు. బండి ఇంకా ఫైనాన్సు కింద ఉందేమో, ఇన్సూరెన్సు కంపెనీ పాడైన బండిగా లెక్కగట్టి ఎస్ (బండి చట్రం దెబ్బతిన్నది) లేదా ఎన్ (చట్రం కాక మరేదైనా దెబ్బతిన్నది) కేటగిరీలో చేర్చిందేమో కొద్ది డబ్బు కట్టి ఆన్‌లైన్‌లో తనిఖీ చేయించండి. డబ్బు బ్యాంకు ద్వారానే పంపి, తేదీ, మైలేజీ, ఇద్దరి సంతకాలతో రసీదు రాయించుకోండి. 2014 అక్టోబరు నుంచి పాత యజమాని కట్టిన రోడ్డు టాక్సు కొన్నవారికి బదిలీ కావడం లేదు. లాగ్‌బుక్ నుంచి చించి ఇచ్చే ఆకుపచ్చ చీటీ మీది 12 అంకెలతో ఆ రోజే టాక్సు కట్టి, ఇన్సూరెన్సు మొదలైందని చూసుకున్నాకే బండిని వారి ఇంటి ముందు నుంచి కదపండి.