వందల కోట్ల సైన్స్ ఫిక్షన్‌లో రాత ఎందుకు పలచబడుతోంది?

పెన్నా_ఒడ్డు (తాడిపత్రి)

సూటిగా అడుగుతా. ఐదారు వందల కోట్లు పెట్టి తీసే సైన్స్ ఫిక్షన్ యాక్షన్ సినిమాల్లో బొమ్మ అదిరిపోతుంది, సౌండుకు సీట్లు ఊగుతాయి. ఇంటికొచ్చినాక "కథేంది?" అని ఎవరైనా అడిగితే మాత్రం నోట్లో నీళ్ళు నములుతాం. ఇది మనవాళ్ళ ఒక్కరి జబ్బు కాదు, హాలీవుడ్‌లోనూ ఉంది.

"లాజిక్ లేదు" అనే పాత పాట పాడడానికి రాలేదు నేను. టైమ్ మెషిన్ ఎట్లా పని చేస్తుందో నాకక్కర్లేదు. నా ఫిర్యాదు వేరే. సినిమా తనకు తానే ఒక నియమం పెట్టుకుంటుంది, ఇంటర్వెల్ దాటినాక దాన్ని తానే మర్చిపోతుంది. ఈ ఆయుధం ఒక్కసారే పేలుతుందంటారు, హీరో చేతిలో మూడోసారి కూడా పేలుతుంది. పోయినోడు తిరిగిరాడంటారు, రెండో భాగం ప్రకటన రాగానే వచ్చేస్తాడు.

మాయాబజార్ (1957) తీసిన కె.వి.రెడ్డి గారు పుట్టింది మా తాడిపత్రిలోనే, 1912లో. ఊరి గొప్ప చెప్పుకుంటున్నాడనుకున్నా సరే. అందులో ప్రియదర్శిని అనే మాయపెట్టెను చూడండి. మూత తీసినవాళ్ళకు ప్రియమైనది కనపడుతుంది, నియమం అంతే. శశిరేఖకు అభిమన్యుడు కనపడతాడు. బలరాముడికి దుర్యోధనుడు. కృష్ణుడు చూస్తే శకుని! ఒక్క పెట్టెతో ఎవరి మనసు ఎటుందో తేలిపోయింది, రాబోయే గొడవ కూడా తెలిసిపోయింది. సత్యపీఠం సంగతీ అంతే. ఎక్కినోడు నిజం కక్కాల్సిందే. ముందే చూపిస్తారు, చివర్న శకునిని ఎక్కిస్తారు, అంతటి మాయగాడికీ మినహాయింపు ల్యా. వ్యాసభారతంలో లేని కథకు ఇన్ని కట్టుబాట్లు పెట్టుకుని ఒక్కటీ తప్పలేదు. ఇప్పుడు ఆ పని ఎందుకు కావడం లేదు?

బాల్కనీ_కర్నూలు

అన్నా, పోలిక అన్యాయం. ఘటోత్కచుడెవరో శకుని ఎవరో మా అవ్వకు కూడా తెలుసు. పరిచయానికి ఒక్క నిమిషం ఖర్చు కాదు. కల్కి 2898 ఏడీ సినిమానే తీసుకో, 2898లో కాశీ ఎట్లుంటాది, కాంప్లెక్స్ అంటే ఏంది, యూనిట్లు అంటే ఏంది, శంభల యాడుంది, ఇవన్నీ సున్నా నుంచి చెప్పుకుంటా రావాల. మూడు గంటల్లో ముప్పావు వంతు దానికే సరిపోతాది. ఇంగ మీరడిగే రాతకు చోటు యాడిది?

ఇంకో మాట. రాత అంటే డైలాగు ఒక్కటే కాదు. కల్కిలో అశ్వత్థామ లేచి నిలబడినప్పుడు హాలంతా లేచింది. అంత ఎత్తు మనిషి, నుదుటి మీద గాయం, వేల ఏండ్ల అలసట, ఒక్క మాట లేకుండా అన్నీ కనపడినాయి. ఎవరో ఒకరు కాగితం మీద రాయకపోతే అది వచ్చేదా?

ఫిజిక్స్_టీచర్ (కడప)

అశ్వత్థామ గురించి మీరన్నది నిజమే. కానీ ఆయనది కూడా తెలిసిన కథేగా బాబూ. సినిమాలో అన్నిటికన్నా బాగా పండిన పాత్ర, పరిచయం అక్కర్లేని పాత్రే కావడం ఆలోచించాల్సిన విషయం.

కొత్త లోకం చెప్పడానికి గంటలు పడతాయన్నది నేను ఒప్పుకోను. 1984లో వచ్చిన మొదటి టెర్మినేటర్‌కు అయిన ఖర్చు సుమారు 64 లక్షల డాలర్లు, హాలీవుడ్ లెక్కలో చిన్న సినిమానే. అందులో ఒకే నియమం: ప్రాణమున్న కండ మాత్రమే కాలం దాటుతుంది. అందుకే భవిష్యత్తు నుంచి వచ్చిన సైనికుడి ఒంటిమీద బట్టల్లేవు, చేతిలో తుపాకీ లేదు. అన్నీ ఇక్కడే దొంగిలించుకోవాలి. పోలీసులు పట్టుకుని "రుజువేది?" అంటే చూపించడానికి ఏమీ ఉండదు, కాబట్టి పిచ్చివాడంటారు. ఒక్క వాక్యం నుంచి ఎన్ని ఇబ్బందులు పుట్టాయో చూడండి. ఇక ఆ లోకం గురించిన వివరణ తెల్లకోటు వేసుకున్న పెద్దాయన బోర్డు ముందు నిలబడి చెప్పడు. వెనక చావు తరుముతుంటే, కారులో నక్కి, ఆ సైనికుడే తాను కాపాడడానికి వచ్చిన అమ్మాయికి గుక్క తిప్పుకోకుండా చెప్తాడు. మనమూ ఆమెతోపాటే భయపడుతూ వింటాం.

మా పిల్లలు తరగతిలో అడుగుతుంటారు, "మేడమ్, సినిమాలో సైన్స్ తప్పా?" అని. తప్పయితే నేను మార్కులు కొయ్యను. సైన్స్ మనిషికి ఏం చేసిందో చూపించకపోతే కోస్తాను. ఇంటర్‌స్టెల్లర్ (2014)లో నీళ్ళ గ్రహం మీద ఒక గంట గడిస్తే భూమ్మీద ఏడేళ్ళు. సాపేక్షత పాఠం అది. కానీ అంతరిక్ష నౌకలోకి తిరిగొచ్చిన తండ్రి, 23 ఏళ్ళుగా పోగుపడిన పిల్లల వీడియోలు వరసగా చూస్తాడు. నేను చెప్పే పాఠంలో ఆ ఏడుపు లేదు.

సెకండ్‌షో_అనంతపురం

టీచరమ్మా, మీ మార్కుల ప్రకారమైతే మన రోబో (2010) డిస్టింక్షన్‌లో పాసైనట్టే. రైలు ఫైటు, వెయ్యి చిట్టి రోబోలు అందరికీ గుర్తే. నన్ను వెంటాడింది మాత్రం అగ్నిప్రమాదం సీను. మంటల్లోంచి అందరినీ కాపాడతాడు చిట్టి, స్నానం చేస్తున్న అమ్మాయిని కూడా అట్లాగే ఎత్తుకొచ్చి కెమెరాల ముందు నిలబెడతాడు. వాడి లెక్కలో ప్రాణం దక్కింది, పని అయిపోయింది. సిగ్గుతో ఆ పిల్ల పరుగెత్తి లారీ కింద పడుతుంది. యంత్రానికి మనసు లేదని ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు, ఒక శవం పడింది. ఆ సీనుకు గ్రాఫిక్స్ ఖర్చెంత? దాని తర్వాత వచ్చిన 2.0లో అంతకు ఎన్నో రెట్లు ఖర్చు పెట్టి సెల్‌ఫోన్లతో కొండంత పక్షిని చేసినారు. పక్షి బాగుంది. విలన్ పక్షిరాజు గతం కూడా బాగానే రాసినారు, కాదనను. ఆ మనిషి బాధ "ఆరా" (మనిషి చుట్టూ ఉంటుందనే శక్తి) అనే పేరు పెట్టుకుని ఫైటింగుకు దిగినాకే నాకు ఆవులింతలు మొదలైనాయి.

పెన్నా_ఒడ్డు (తాడిపత్రి)

నేను చెప్పాలనుకున్నది నువ్వు నాకన్నా బాగా చెప్పినావు తమ్ముడూ.

బాల్కనీ_కర్నూలు

అందరూ కలిసి నన్ను మూలకు తోస్తున్నారే! సరే, ఇది వినండి. ఆదిత్య 369 (1991)ని అందరూ నెత్తిన పెట్టుకుంటారు కదా, అది తీసిన సింగీతం శ్రీనివాసరావు గారే కల్కికి స్క్రిప్టు మెంటార్‌గా, అంటే రాతకు సలహాదారుగా ఉన్నారు. పెన్నా అన్న మొక్కే కె.వి.రెడ్డి గారి దగ్గర మాయాబజార్‌కు పని చేసినాయన. అదే గురుపరంపర. మరి అప్పుడు రాత గట్టిది, ఇప్పుడు పలచన అంటే ఎట్ల కుదురుతాది?

పెన్నా_ఒడ్డు (తాడిపత్రి)

మంచి దెబ్బే కొట్టినావు. జవాబు చెప్తా.

ఆదిత్య 369లో అందరూ కోరుకునే వస్తువు ఏంది? ఒక వజ్రం. మ్యూజియంలో దొంగతనం ఒక పిల్లోడి కంట పడుతుంది, అదే వజ్రం 1526లో రాయలవారి కొలువులో కనపడుతుంది. మనకు దాని విలువ ఎవరైనా చెప్పాల్నా? తొలకరి పడితే చాలు కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి చేన్లల్లో జనం తలొంచుకుని వజ్రాల కోసం వెతుకుతుంటారు, వజ్రకరూరు పేరులోనే ఉంది. టైమ్ మెషిన్ 2504 దాకా పోయినా కథ ఆ రాయిని వదల్లేదు. ఖర్చుపెట్టి కట్టిన కాలాలన్నీ ఒక దొంగతనం చుట్టూ తిరిగినాయి.

కల్కిలో హీరో భైరవ కోరిక కూడా మొదట అంత తేటగానే ఉంది. పది లక్షల యూనిట్లు (ఆ లోకపు డబ్బు) సంపాదించాల, కాంప్లెక్స్‌లోకి (ఉన్నోళ్ళు సుఖంగా బతికే చోటు) పోవాల. స్వార్థపరుడు, నవ్విస్తాడు, అర్థమవుతాడు. సింగీతం గారి చెయ్యి అట్లాంటి చోట ఉందేమో అని నా ఊహ, ఊహే. చివర్లో వాడే కర్ణుడని తేలినాక హాలు ఊగిపోయింది, నాకూ రోమాలు లేచినాయి. అయితే ఆ యూనిట్ల మనిషి ఏమైనాడు? కర్ణుడు కావడం వల్ల వాడు ఏం పోగొట్టుకున్నాడు? దానికి జవాబు రెండో భాగంలో అంటారు. ఎత్తు ఇప్పుడు చూపించి, కారణం తర్వాత చెప్తామంటే అది అప్పు.

బాల్కనీ_కర్నూలు

బాహుబలి మాత్రం 2015లో అప్పు పెట్టలేదా? కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపినాడో రెండేండ్లు దేశమంతా అడిగింది.

ఫిజిక్స్_టీచర్ (కడప)

అడగగలిగింది ఎందుకంటే కట్టప్ప సింహాసనానికి కట్టుబానిస అని మొదటి భాగంలోనే చెప్పారు. ప్రాణంగా చూసుకున్నవాణ్ణి చంపాడు, మాట తప్పని మనిషి చంపాడు. రెండూ మనకు ముందే తెలుసు కాబట్టే ప్రశ్న పుట్టింది. చివర ఒక కొత్త ముఖం చూపించి తెర దించేయడం వేరు.

రోటో_కుర్రోడు (నంద్యాల, ఇప్పుడు హైదరాబాద్)

ఇంతసేపూ చదువుతా ఉన్నా. వీఎఫ్ఎక్స్‌లో, అంటే సినిమా గ్రాఫిక్స్‌లో, రోటో (ఫ్రేము ఫ్రేముకూ మనిషి అంచు గీసి విడదీసే పని) నుంచి మొదలుపెట్టి ఇప్పుడు కంపోజిటింగ్ (విడి బొమ్మల్ని ఒకే షాటుగా కలిపే పని) చేస్తున్నా. సినిమాల పేర్లు చెప్పను. లోపలి సంగతి రోంత చెప్తా.

నగరం కూలే షాటు నెలలు తింటాది. కాబట్టి అట్లాంటివన్నీ ముందే లాక్ చెయ్యాల. ఫైటుకు ప్రీవిజ్ తయారవుతాది, బొమ్మల్లో మొత్తం ఫైటు చూసేసుకుంటారు. అప్పటికి ఆ ఇద్దరూ ఎందుకు కొట్టుకుంటున్నారో కొన్నిసార్లు ఇంకా తేలి ఉండదు. మాటల సీన్లు ఆఖరిదాకా మారుతా ఉంటాయి, ఎందుకంటే మార్చడానికి అవే చౌక. ఇద్దరు మనుషులు, ఒక గది, ఒక పూట షూటింగ్. అంటే కథకు తగ్గట్టు షాట్లు కాదు, షాట్లకు తగ్గట్టు కథ సర్దుకుంటాది. లాక్ అయిన షాటు కథకు అడ్డమొచ్చిందా, పీకేసే ధైర్యం ఎవరికీ ఉండదు, అంత డబ్బు అందులో ఉంటాది. మేము చేసిన ఒక వరద సీను అట్లే మిగిలిపోయింది. ఆ వరద తెప్పించిన పాత్రను ఎడిటింగులో తీసేసినారు. నీళ్ళు మాత్రం వచ్చినాయి.

ఇంకో కిటుకు. ఈసారి సినిమా చూసేటప్పుడు, ముఖం కనపడని చోట వచ్చే మాటల మీద చెవి పెట్టండి. హీరో వీపు తిప్పుకుని ఉంటాడు, లేదా హెల్మెట్ పెట్టుకుని ఉంటాడు. అప్పుడే "ఈ శక్తిని ఆపాలంటే ఆ ద్వారం మూసేయాలి" లాంటి ముక్క వినపడతాది. షూటింగులో లేని మాట అది, కథలో బొక్క పడితే డబ్బింగులో వేసిన అతుకు. పెన్నా అన్న చెప్పిన నియమాలు తప్పేది చాలాసార్లు ఈడే.

సెకండ్‌షో_అనంతపురం

అయిపాయ. ఇంగ నేను హెల్మెట్లు లెక్కపెడుతూ కూర్చోవాల్సిందే.

బాల్కనీ_కర్నూలు

చూసినారా, తప్పు డబ్బుది కాదు, తేదీలది. పని వరసది. పెద్ద బడ్జెట్ అంటేనే రాత చెడిపోతాదని శాపం పెట్టొద్దండి.

పెన్నా_ఒడ్డు (తాడిపత్రి)

శాపం పెట్టలేదే. టెర్మినేటర్ రెండో సినిమా (1991) ఖర్చు దాదాపు 10 కోట్ల డాలర్లు, అప్పటికి అంత ఖర్చుతో సినిమా లేదు. రాత మొదటిదానికి ఏమాత్రం తగ్గలేదు. కరిగి కారిపోయే లోహపు మనిషి గురించి ఇప్పటికీ చెప్పుకుంటాం కానీ కంప్యూటర్‌లో చేసిన బొమ్మ మొత్తం కలిపితే సుమారు ఐదు నిమిషాలే. ఐదే కాబట్టి ఎక్కడ వాడాలో కూర్చుని ఆలోచించినారు. ఇప్పుడు రెండు గంటలూ వాడొచ్చు, కాబట్టి ఎవరూ ఆలోచించడం ల్యా. డబ్బు తెచ్చిన చిక్కు ఇదే బాల్కనీ, అది రచయితను పాడు చెయ్యదు, "వద్దు" అనే మాటను మాన్పిస్తుంది. కె.వి.రెడ్డి గారు స్క్రిప్టు పక్కాగా కుదిరినాకే, ఏ సీను ఎంతసేపో లెక్క కట్టుకునే షూటింగుకు పోయేవారని పేరు. ఫిల్ము ఖరీదు అట్లా చేయించింది.

ఫిజిక్స్_టీచర్ (కడప)

రోటో బాబూ, ఒక సందేహం. షాట్లు సరిగా వచ్చాయా లేదా అని స్టూడియోలో కూర్చుని చూస్తారు కదా, అప్పుడు కథ రాసినవాళ్ళను పిలుస్తారా? "ఇది మనం పెట్టుకున్న నియమానికి విరుద్ధం" అని అక్కడే ఒకరు చెప్పగలిగితే సగం గొడవ తీరుతుంది అనిపిస్తోంది.

రోటో_కుర్రోడు (నంద్యాల, ఇప్పుడు హైదరాబాద్)

డైరెక్టరే రచయిత అయితే వస్తారు మేడమ్. విడిగా రచయిత వచ్చి కూర్చోవడం నేను పనిచేసిన చోట్ల చూడలేదు. నిర్మాత వస్తారు, కెమెరామన్ వస్తారు, ఫైట్ మాస్టర్ వస్తారు. ఒకసారి హీరో గారి మేనేజర్ వచ్చి, హీరో కంటే విలన్ ఎత్తుగా కనపడుతున్నాడని రెండు షాట్లు తిప్పి పంపించినారు.