సమస్య: “వెలుఁగు కంటెను ముందుగా వెడలెఁ గణము”

ఇది తేటగీతి పాదము. శూన్యంలో కాంతి సెకనుకు 2,99,792 కిలోమీటర్లు పోతుంది. ద్రవ్యరాశి గల ఏ కణమూ ఆ వేగాన్ని అందుకోలేదని 1905 నుండి సాపేక్షతా సిద్ధాంతం చెబుతోంది. అసంభవంగా కనబడే ఈ పాదాన్ని శాస్త్రానికి భంగం రాకుండా పూరించవలసిందిగా కవిమిత్రులను కోరుతున్నాను.

మొదటి పూరణ

నీటిలోపలఁ గాంతియే నెమ్మదించె;
నీలికాంతుల వెదజల్లి నిప్పు లేక,
తడఁబడని వడి గల్గినదగుట చేత
వెలుఁగు కంటెను ముందుగా వెడలెఁ గణము.

నీటిలో కాంతి వేగం సెకనుకు సుమారు 2,25,000 కిలోమీటర్లే. రియాక్టరు తొట్టెలో ఎలక్ట్రాన్లు దానిని మించినప్పుడు పుట్టే చెరెంకోవ్ కాంతి ఈ పద్యానికి ఆధారం.

సమీక్ష: అయ్యా, “నిప్పు లేక” అన్న మాట ఆ చల్లని నీలివెలుగును కళ్ళకు కట్టింది. అయితే మూడవ పాదంలో ‘గల్గినది + అగుట’ అని విడదీస్తే యతిస్థానంలో అచ్చు నిలుస్తుంది కనుక, ‘త–ద’ మైత్రిని అక్కడ చెల్లించడం అఖండయతి అవుతుంది. “తడఁబడని వడి దానికిఁ దక్కు కతన” అంటే దోషం తొలగుతుంది.

కవి: సవరణను సంతోషంగా స్వీకరించానండి.

రెండవ పూరణ

భూమి గర్భాన న్యూట్రినో పోవు వేళ
నరువదగు నానొ సెకనుల యంతరమున,
తీగ వదులైన దోషానఁ దెలిపిరపుడు
“వెలుఁగు కంటెను ముందుగా వెడలెఁ గణము”.

సమీక్ష: అమ్మా, సమస్యను ఇతరుల మాటగా మార్చిన తీరు ప్రశస్తం. జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనాలయం నుండి ఇటలీలోని గ్రాన్ సాసో భూగర్భ ప్రయోగశాలకు 730 కిలోమీటర్లు వచ్చిన న్యూట్రినోలు (దేనినైనా ఇట్టే దాటిపోయే అతి తేలికైన కణాలు) కాంతి కంటె 60 నానోసెకన్లు ముందే చేరాయని 2011 సెప్టెంబరులో ఒపేరా బృందం ప్రకటించింది. సరిగా బిగియని ఒక ఆప్టికల్ ఫైబర్ కేబులు ఆ తేడాకు ముఖ్య కారణమని 2012లో తేలింది. కాని ఆ శాస్త్రజ్ఞులు తమ లెక్కను తామే శంకించి, లోపమేదైనా ఉంటే పట్టుకోమని లోకాన్ని అడిగారు. వారి నిజాయితీ పద్యంలోనూ ఉండాలని నా కోరిక: “తీగ వదులౌట శంకతోఁ దెలిపిరపుడు”.

కృష్ణబిలం నుండి కాంతి రాలేదు, కణం వచ్చిందని మరొకరు పంపిన పూరణను స్వీకరించలేకపోతున్నాను. కృష్ణబిలం నుండి వెలువడుతుందని 1974లో హాకింగ్ చెప్పిన వికిరణంలో కాంతి కూడా ఉంటుంది.

మూడవ పూరణ

తార గుండియ గూలిన తరుణమందు
దట్టమౌ పొరల్ దాఁటగఁ దడయఁ గాంతి,
ఏ పొరయు నడ్డుకొనలేని దెంచి చూడ
వెలుఁగు కంటెను ముందుగా వెడలెఁ గణము.

1987 ఫిబ్రవరి 23న, 1,68,000 కాంతి సంవత్సరాల దూరంలో పేలిన నక్షత్రం నుండి న్యూట్రినోలు, వెలుగు కనబడడానికి సుమారు మూడు గంటల ముందే భూమిని చేరాయి. 2011 నాటి లెక్కే నిజమైతే అవి నాలుగేళ్ళ ముందే రావలసింది.

సమీక్ష: నేనిచ్చిన పాదంలో ‘ముందు’ ఉన్నది గాని ‘వేగం’ లేదు. ఆ సందును పట్టుకున్న పూరణ ఇదొక్కటే, అందుకే నాకు ఎక్కువగా నచ్చింది. జపాన్‌లోని కమియోకాండే నీటితొట్టె ఆ న్యూట్రినోలను గుర్తించింది కూడా మొదటి పూరణలోని చెరెంకోవ్ కాంతి ద్వారానే. “ఎంచి చూడ” మాత్రం పాదం నింపడానికే వచ్చింది.

కవి: “ఏ పొరయు నడ్డుకొనలేని దెగసి యపుడె” అని మార్చాను, పరిశీలించగలరు.

సమీక్ష: ఏ–ఎ స్వరయతి చక్కగా కుదిరింది, అన్వయం కూడా బిగిసింది.