పాత ట్విన్‌టబ్ మెషీన్: బాగు చేయించాలా, తుక్కుకి వేసేయాలా?

బాల్కనీ:
మన విశాఖపట్నంలో చాలా ఇళ్లకి 1990ల్లో మొట్టమొదట వచ్చిన వాషింగ్ మెషీన్ ట్విన్‌టబ్బే. ఒక పక్క ఉతుకు తొట్టి, ఇంకో పక్క డ్రయ్యరు. వీడియోకాన్, బీపీఎల్ రోజుల నాటివి. చిన్నప్పటి నుంచి కళ్లముందున్న వస్తువు కాబట్టి పారేయడానికి మనసొప్పక వెనక బాల్కనీలో ఉంచేసినవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మా ఇంట్లోనూ ఇదే పేచీ. "అప్పటి సరుకు గట్టిది, బాగు చేయిస్తే ఇంకో పదేళ్లు వస్తుంది" అని ఒకరు, "సముద్రం పక్కన ఇన్నేళ్లున్న రేకు డబ్బాని నీళ్లతో, కరెంటుతో నమ్మడమేంటి" అని ఇంకొకరు.

మెషీన్ ఉన్నది ఎంవీపీ కాలనీలో, రెండో అంతస్తులో. 5 కేజీలది. ఉతుకు టైమరు తిప్పితే మూలుగు వస్తుంది, తొట్టిలో చక్రం మాత్రం తిరగదు. డ్రయ్యరు తిరుగుతుంది గానీ మెషీన్ మొత్తం ఊగిపోతుంది. తెలిసినవాళ్లు ఏమంటారు?

వైండింగ్ మేస్త్రి:
బాగు చేయించండి. మూలుగుతోందంటే వైండింగ్, అంటే మోటారు లోపలి తీగచుట్ట, పూర్తిగా తెగలేదన్నమాట. ప్లగ్గు తీసేసి చక్రాన్ని చేత్తో తిప్పి చూడండి. తేలిగ్గా తిరిగితే ముందు కెపాసిటర్‌ని అనుమానించండి. బిగుసుకుంటే చక్రం కింద ఏదో ఇరుక్కుని ఉండాలి, లేదా గేర్‌బాక్సు పట్టేసి ఉండాలి.

కెపాసిటర్ వెనక రేకు తీస్తే కనిపిస్తుంది. ఇలాంటి మెషీన్లలో మామూలుగా 10, 5 మైక్రోఫారడ్‌లు, 440 వోల్టులు ఉంటాయి. 10 ఉతుకు మోటారుకి, 5 డ్రయ్యరుకి. మీ దాని మీద ఏం రాసుందో అదే తెచ్చుకోండి, అందాజుగా వేయకండి. ముట్టుకునే ముందు బల్బు పెట్టిన హోల్డరు వైర్లు దాని రెండు కొసలకీ ఆనించి అందులో నిలవున్న కరెంటు దింపేయాలి. స్క్రూడ్రైవరుతో టప్పున షార్టు కొడితే కెపాసిటరూ పాడవుతుంది, కళ్లకీ ప్రమాదం. 10 అని రాసున్నది మీటరు మీద 8 కంటే తక్కువ చూపిస్తే మార్చేయండి. మోటారు కదలడానికి కావాల్సిన మొదటి తోపు రాదు, అందుకే మూలుగుతూ వేడెక్కుతుంది. వైర్లు మాత్రం తారుమారు కానివ్వకండి. 10 ది పొరపాటున డ్రయ్యరు వైండింగుకి తగిలిస్తే కొన్నాళ్లకే మాడిపోతుంది.

చక్రం నడిమి స్క్రూ తుప్పుకి పట్టేసి ఉంటుంది. తుప్పు వదిలే నూనె గానీ కిరసనాయిలు గానీ రెండు చుక్కలు వేసి రాత్రంతా ఒగ్గేయండి. స్క్రూ వచ్చాక చక్రాన్ని ఒక పక్క నుంచి ఎత్తితే అంచు పగులుతుంది. ఎదురెదురుగా రెండు చోట్ల గట్టి తాడు దూర్చి, రెండూ సమంగా పైకి లాగాలి. కింద సబ్బుగుండ, గుడ్డపీచు కలిసి బూడిదరంగు ముద్దలా పేరుకుని ఉంటుంది. అందులో పిన్నీసులు, చొక్కా గుండీలు, చిల్లర దొరుకుతాయి. చీరపిన్ను ఒకటి అడ్డంపడితే చాలు, కింది సీలు కోసుకుపోయి నీరు గేర్‌బాక్సులోకి దిగుతుంది.

బెల్టు నడిమధ్య బొటనవేలితో నొక్కితే సెంటీమీటరు మేర లోపలికి వెళ్లాలి. అంతకంటే వదులైతే బట్టలు వేశాక జారుతుంది, రబ్బరు కాలిన వాసన వస్తుంది. మోటారు బోల్టులు వదులు చేసి వెనక్కి జరిపి బిగించుకోవచ్చు.

డ్రయ్యరు ఊగడానికి కారణం కింద స్ప్రింగులకి ఉండే మూడు రబ్బర్లు. ఆ మోటారు వాటి మీదే నిలబడుతుంది. రబ్బరు రాయిలా గట్టిపడితే ఊపు నేరుగా బాడీకి వెళ్తుంది. ఒక్కటే మారిస్తే ఎత్తు తేడా వచ్చి ఇంకా ఊగుతుంది, కాబట్టి మూడూ ఒకేసారి మార్చండి. బట్టల మీద నొక్కిపెట్టే లోపలి ప్లాస్టిక్ పళ్లెం ఉందో లేదో కూడా చూసుకోండి. అది పోతే రుమాళ్లు పైకెగిరి, డ్రయ్యరులో తిరిగే డబ్బాకీ దాని చుట్టూ ఉన్న తొట్టికీ మధ్య పడతాయి.

పాత మోటార్లలో తీగ రాగిది. ఇప్పుడొచ్చే చౌకరకం వాటిలో చాలావరకు అల్యూమినియమే. రాగి మోటారు కాలిపోయినా మళ్లీ చుట్టొచ్చు. అది పారేయడం నాకు నచ్చదు.

ఉప్పుగాలి:
మేస్త్రిగారు చెప్పిన ప్రతి పనీ సరైనదే. కానీ ఆయన మోటారుని చూస్తున్నారు, నేను మోటారు కూర్చున్న రేకుని చూడమంటున్నాను. లాసన్స్ బే, పెదజాలరిపేట, ఎంవీపీ వైపు గాలిలో ఉప్పుతేమ ఎప్పుడూ ఉంటుంది. ఉప్పు తేమని పీల్చి రేకు మీదే పట్టి ఉంచుతుంది, పెయింటు లేచిన చోటల్లా తుప్పు లోలోపలే పాకుతుంది. పైన తుడుచుకుంటారు గనక తెల్లగానే ఉంటుంది. ముందు కుళ్లేది కింది అంచు, వెనక మూలలు.

మెషీన్ని గోడకి ఆనించి వంచి, స్ప్రింగులు కూర్చునే మూడు చోట్లా స్క్రూడ్రైవరు మొనతో గట్టిగా పొడవండి. పొరలు రాలితే పెయింటు వేసుకోవచ్చు. మొన దిగబడితే మాత్రం దానికి ఇక మరమ్మతు లేదు. నిమిషానికి 1300 చుట్లకి పైగా తిరిగే డబ్బా కింద రేకు చిరిగితే అది తొట్టి గోడని కొడుతుంది. కొత్త రబ్బర్లు ఎన్ని వేసినా పట్టుకునే చోటు లేనప్పుడు ఏం లాభం?

రెండోది బ్రేకు. డ్రయ్యరు మూత ఎత్తగానే కరెంటు ఆగాలి, బ్రేకుతీగ వదులై పట్టీ బిగిసి కొన్ని సెకన్లలోనే డబ్బా నిలిచిపోవాలి. ఈ గాలికి ఆ తీగ తొడుగులోనే తుప్పుపట్టి ఇరుక్కుంటుంది. మూత మూసినా బ్రేకు వదలకపోతే మోటారు మాడుతుంది, మూత తీసినా బ్రేకు పడకపోతే లోపల చెయ్యి పెట్టిన పిల్లాడి వేళ్లు చుట్టుకుపోతాయి. చిన్నప్పుడు మనందరం ఆ మూత ఎత్తి తిరుగుతుంటే చూడాలని ఎగబడినవాళ్లమే. పిల్లలున్న ఇంట్లో ఆ డ్రయ్యరు వద్దే వద్దు.

మధురవాడ బోరు:
కొత్తది కొనమనడం తేలిక. కానీ ఫుల్లీ ఆటోమేటిక్‌కి నీటి ఒత్తిడి కావాలి. చాలా మోడళ్ల పుస్తకంలో కనీసం 0.3 బార్ అడుగుతారు. నీటిమట్టం మీటరు ఎత్తుంటే వచ్చేది 0.1 బారే. అంటే కుళాయికంటే ట్యాంకు నీళ్లు 3 మీటర్లు పైనుండాలి. పై అంతస్తు ఫ్లాటుకి అంత ఎత్తెక్కడిది? నీళ్లు నెమ్మదిగా వచ్చి, మెషీన్ ఎర్రర్ చూపించి ఆగిపోతుంది. అప్పుడు ప్రెషర్ పంపు పెట్టించాలి. బోరు నీళ్లలో ఇసుక వస్తుంటే లోపలికెళ్లే చోటున్న చిన్న జల్లెడని తరచూ కడగాల్సిందే. ట్విన్‌టబ్బుకి ఈ గొడవలేవీ లేవు, బకెట్టుతో పోసుకున్నా నడుస్తుంది. ఉతుకు 15 నిమిషాలు, డ్రయ్యరు 5 నిమిషాలకి అయ్యే కరెంటు యూనిట్‌లో పదోవంతు అటూ ఇటూ.

నీటి సంగతి కూడా చూడండి. ఒకసారి కలిపిన సబ్బునీళ్లలో ముందు తెల్లబట్టలు, తర్వాత రంగువి, చివర కాలిపట్టలు ఉతకొచ్చు. ఆటోమేటిక్ ప్రతిసారీ ఒంపేస్తుంది.

వైండింగ్ మేస్త్రి:
పిండటంలో కూడా ట్విన్‌టబ్బుదే పైచేయి, ఇది లెక్క చూసి చెప్తున్నాను. డబ్బా అడ్డుకొలత 24 సెంటీమీటర్లు, వేగం 1350 అనుకుంటే బట్ట మీద పడే బలం భూమ్యాకర్షణకి 240 రెట్లు. 700 చుట్ల టాప్‌లోడులో 44 సెంటీమీటర్ల డ్రమ్ముకి వచ్చేది 120 రెట్లే. అక్టోబరు, నవంబరు ముసుర్లలో జీన్స్ ఆరక వాసనొచ్చే ఊళ్లో ఇది చిన్న విషయం కాదు. ఉప్పుగాలిగారు డ్రయ్యరు వద్దంటే ఆ మెషీన్‌లో సగం ఉపయోగం తీసేసినట్టే.

ఉప్పుగాలి:
1200 చుట్ల ఫ్రంట్‌లోడు లెక్క కూడా వేయండి గురువుగారూ. 48 సెంటీమీటర్ల డ్రమ్ముకి 380 రెట్లు దాటుతుంది. పైగా తలుపు లాక్ పడి ఉంటుంది, ఆగేదాకా తెరుచుకోదు. బోరునీళ్లతో అందులో ఒక ఇబ్బంది ఉన్న మాట నిజమే, వేడినీళ్లతో ఉతికేవాళ్లకి హీటరు మీద గార కడుతుంది.

బాల్కనీ:
చూశానండీ. చక్రం చేత్తో తేలిగ్గా తిరిగింది. కెపాసిటర్ 10 వైపు 6.1 చూపించింది. స్ప్రింగులున్న చోట్లలో రెండు గట్టిగానే ఉన్నాయి, వెనక మూలది మాత్రం స్క్రూడ్రైవరు దిగిపోయింది. డ్రయ్యరు మూత ఎత్తితే అర నిమిషం దాటినా డబ్బా తిరుగుతూనే ఉంది.

వైండింగ్ మేస్త్రి:
మూల దిగిపోతే డ్రయ్యరు వాడొద్దు, అక్కడ నేనూ ఒప్పుకుంటాను. వెల్డింగు చేయిద్దామన్నా పక్క రేకు పల్చబడిపోయి నిలవదు. కానీ ఉతుకు వైపు బతికించుకోండి. డ్రయ్యరు టైమరు నుంచి మోటారుకెళ్లే వైర్లు విప్పి, కొసలకి విడివిడిగా టోపీలు తొడిగి కట్టేయండి. డబ్బా బయటికి తీసి, అడుగు రంధ్రం మూయించండి, లేకపోతే ఒలికిన నీళ్లు కింది వైర్ల మీద పడతాయి. ఇన్సులేషన్ కొలిచే మెగ్గరుతో 500 వోల్టుల మీద ఉతుకు వైండింగుకీ బాడీకీ మధ్య కొలిపించండి. 1 మెగాఓమ్ కంటే తక్కువొస్తే కరెంటు ఇవ్వొద్దు. మోటారు విప్పి 100 వాట్ల బల్బు పక్కన ఒకరోజు ఆరబెట్టి మళ్లీ కొలవాలి. ఎర్తు ఉన్న మూడు పిన్నుల ప్లగ్గు, పైన 30 మిల్లీఆంపులు లీకైతే కరెంటు ఆపేసే ఆర్‌సీసీబీ లేకుండా తడి బాల్కనీలో దీన్ని నడపొద్దు.

ఉప్పుగాలి:
నాకింకా సమ్మతం కాదు. ఒక మూల దిగిన రేకు మిగతా మూలల్లో ఎంతకాలం నిలుస్తుంది? ఉంచుకుంటే మాత్రం నేలమీద పెట్టకండి. నాలుగు కాళ్ల కిందా మందపాటి రబ్బరు దిమ్మలు వేసి లేపండి, నెలకోసారి కింద తుడిచి ఆరనివ్వండి. మిగతా మూలలు ఆరునెలలకోసారి పొడిచి చూడండి. రెండోది దిగిన రోజున తీసేయండి.

తీసేటప్పుడు పాతసామాన్ల బండికి వేయకండి. రాగి కోసం వైర్లు తగలబెట్టి, మిగతాది గెడ్డలో పడేస్తారు. 2022 ఈ-వేస్ట్ నిబంధనల జాబితాలో వాషింగ్ మెషీన్ ఉంది, రిజిస్టరైన రీసైక్లరుకే ఇవ్వాలి. ఇచ్చే ముందు ఉతుకు మోటారు, టైమరు విప్పి మేస్త్రిగారి లాంటివాళ్లకి ఇస్తే ఇంకో మెషీన్‌కి పనికొస్తాయి.

బాల్కనీ:
ఉతుకు వైపుకి కెపాసిటర్ తెస్తున్నాను. డ్రయ్యరు వైర్లు ఇవాళే విప్పేశాను.