వైర్ మయోగ్రాఫ్‌: కొత్త స్కాలర్లు బిగించిన ధమనుల్లో ఎండోథీలియం (నాళం లోపలి పొర) ఎందుకు దెబ్బతింటోంది?

ఎలుక మెసెంటెరిక్ (పేగులకు రక్తం తెచ్చే) ధమనుల కోసం నాలుగు చాంబర్ల వైర్ మయోగ్రాఫ్ (నాళం ముక్కను రెండు సన్నని తీగల మీద ఎక్కించి, అది బిగిసే బలాన్ని కొలిచే పరికరం) పెట్టి స్కాలర్లకు నేర్పిస్తున్నాం. క్యాలిబ్రేషన్ 37 డిగ్రీల దగ్గర చేశాం. బరువు పెట్టే లీవర్ దాని బలాన్ని సగం చేస్తుంది కాబట్టి 2 గ్రాములకు 9.81 మిల్లీన్యూటన్లు రావాలి, నాలుగింటికీ వస్తోంది.

మూడో శాఖ, 2 మి.మీ. ముక్క, 40 మైక్రాన్ల తీగలు, నార్మలైజేషన్ (నాళాన్ని ముందుగా తగినంత సాగదీసి ఉంచడం) గుణకం 0.9. 60 మిల్లీమోలార్ పొటాషియానికి నాళం గట్టిగానే బిగుస్తోంది. ఫినైలెఫ్రిన్‌తో నాళాన్ని బిగుసుకునేలా చేసి, ఎండోథీలియం ద్వారా వదులు చేసే ఎసిటైల్‌కొలిన్ 10 మైక్రోమోలార్ ఇస్తే మాత్రం, చేయి తిరిగినవాళ్ల ముక్కలు 80 శాతం పైనే వదులవుతున్నాయి, కొత్తవాళ్లవి 30 దాటడం లేదు. కండరాన్ని నేరుగా వదులు చేసే నైట్రోప్రుసైడ్‌కి రెండూ పూర్తిగా వదులవుతున్నాయి. అంటే కండరం బాగుంది, లోపలి పొర గీసుకుపోయింది. (ద్రావణం తప్పు కాదు. గ్యాస్ పెట్టాకే కాల్షియం కలుపుతున్నాం, తెల్లమడ్డి రాలేదు.)

నా అనుమానం రెండో తీగ మీద. మొదటిది లోపల ఉండగా పక్క నుంచి దూర్చేటప్పుడు కొన కాస్త వంగి ఉన్నా గోడను గోకేస్తుంది. రెండు తీగలూ ముందే నాళంలోకి ఎక్కించి, తర్వాత పరికరం దవడలకు బిగించేవాళ్లెవరైనా ఉన్నారా? అలా చేస్తే నాళం మెలిపడదా? ఫోర్సెప్స్‌తో అంచు తప్ప ఇంకెక్కడా పట్టకుండా అలవాటు చేయించడానికి ఏం చేస్తున్నారు?

ఇంకొకటి. మూడో చాంబర్‌లో నాళం లేకపోయినా బేస్‌లైన్ అరగంటకు 1 మిల్లీన్యూటన్ జారుతోంది. ట్రాన్స్‌డ్యూసర్ (బలాన్ని కొలిచే భాగం) పిన్ చుట్టూ గ్రీజు సందులోంచి ద్రావణం దిగుతోందా? గ్రీజు ఎన్నాళ్లకోసారి మారుస్తారు?