టెంకాయతో బోరు పాయింట్: కాదనాలా, చూద్దామనాలా?

మామిడితోట_బంగారుపాళ్యం:
మాది బంగారుపాళ్యం దగ్గర పల్లె. ఉన్న బోరు ఎండిపోయింది, మామిడి చెట్లు వాడిపోతున్నాయి. అరచేతిలో టెంకాయ పెట్టుకుని నడుస్తూ, అది లేచిన చోట నీళ్లున్నాయని బోరుకు పాయింట్ పెట్టే ఆయన్ని పిలిపిస్తానంటున్నాడు నాయన. నేను తిరుపతిలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నా. "అదంతా ఉత్తిదే నాయనా" అంటే, "చూడకుండానే ఉత్తిదంటావే, ఇదేనా మీ సైన్సు?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. ఖండాలు కదులుతాయని 1912లో వెగెనర్ అనే జర్మన్ శాస్త్రవేత్త చెప్పినప్పుడూ నవ్వారు కదా. ఎంతవరకు వినాలి, ఎక్కడ గట్టిగా కాదనాలి?

రిగ్గుబండి_పలమనేరు:
రిగ్గు మీద పనిచేసినోణ్ణి. టెంకాయ పాయింట్లో నీళ్లు పడ్డం చూశా, ఒట్టి దుమ్ము లేచిందీ చూశా. మిషన్‌తో నేలను కొలిచి పెట్టిన పాయింట్లోనూ అంతే. నీళ్లు పడిన బోరు గురించి ఊరంతా చెప్పుకుంటారు, దుమ్ము లేచినదాన్ని ఎవరూ గుర్తుపెట్టుకోరు.

రిటైర్డ్_జియాలజీ_చిత్తూరు:
తమ్ముడూ, మీ నాయన అడిగింది న్యాయమే. ముందు రెండు సంగతులు విడదీయి. టెంకాయ లేస్తుందా? లేస్తుంది, నా కళ్లతో చూశా. నీళ్ల వల్లే లేస్తుందా? అది వేరే ప్రశ్న.

1853 నాటికి లండన్‌లో, చుట్టూ కూర్చుని చేతులు ఆనిస్తే బల్ల దానంతటదే తిరుగుతుందని ఒకటే గోల. శాస్త్రవేత్త ఫారడే వాళ్లను దొంగలనలేదు. నిజాయితీపరుల్నే కూర్చోబెట్టి, చేతులకూ బల్లకూ మధ్య అట్టముక్కల్ని మెత్తటి జిగురుతో ఒకదాని మీద ఒకటి అంటించాడు. బల్ల ముందు కదిలితే కింది అట్టలు ఎక్కువ జరగాలి, చేతులు ముందు కదిలితే పైవి. పైవే జరిగాయి. చెయ్యి కదిలితే ఇట్టే చూపించే పుల్ల ఒకటి వాళ్ల కళ్లెదుట పెట్టాక బల్ల తిరగడమే మానేసింది. అరచేతిలో పడుకోబెట్టిన టెంకాయ లేవడానికి వేళ్లు వెంట్రుకవాసి కదిలితే చాలు, ఆయనకే తెలియకపోవచ్చు.

జర్మనీలో 1987-88లో ఇలా నీళ్ల జాడ చెప్పేవాళ్లను ఐదువందల మంది దాకా చూసి, 43 మందిని ఏరి, కొట్టం పైఅంతస్తులో నడిపించారు. కింద నీళ్ల పైపును అటూ ఇటూ జరిపారు. చాలామంది గురి తప్పారు. కొందరికి మాత్రం శక్తి ఉందని చేసినవాళ్లు రాసుకున్నారు. అవే లెక్కల్ని ఎన్‌రైట్ అనే శాస్త్రవేత్త తిరగేస్తే, ఒకసారి కుదిరినవాడికే మరోసారి కుదరలేదని తేలింది.

కాబట్టి పిలిపించు. పెట్టిన పాయింట్లను గట్టు నుంచి టేపుతో కొలిచి రాసుకుని గుర్తులు చెరిపెయ్. కళ్లకు గుడ్డ కట్టి ఇంకో వైపు నుంచి నడిపించు. ఎన్ని అడుగుల లోపు పడితే సరైనట్టో ముందే ఒప్పందం చేసుకో. లేకుంటే తర్వాత "ఈరోజు గాలి ఎక్కువ" అని సాకులొస్తాయి. మళ్లీ అక్కడే లేస్తే నాకు చెప్పు, నేనే బస్సెక్కి వస్తా.

నీళ్లు పడినంత మాత్రాన టెంకాయ గెలిచినట్టు కాదు. మన వైపు పైన మెత్తబడిన పొర, కింద బండ, బండలో చీలికలు. ఎంతో కొంత తడి తగిలే చోట్లు చాలానే ఉంటాయి. ఆయన నేల వాలు, చెట్లు చూసి కూడా చెప్తుండొచ్చు, ఆ అనుభవాన్ని కొట్టిపారెయ్యకు. మిషన్‌నూ గుడ్డిగా నమ్మకు. అది నేలలోకి కరెంటు పంపి నిరోధం కొలుస్తుందే గానీ నీళ్లను చూడదు. నిరోధం తక్కువుంటే నీళ్లుండొచ్చని అంచనా వేస్తారు, కానీ బంకమట్టి ఉన్నా నిరోధం తక్కువే.

ఇక వెగెనర్. ఖండాలను నెట్టే బలమేది అని అడిగారు, ఆయన చెప్పిన బలాలు చాలలేదు. అది సరైన అనుమానమే. 1960లలో సముద్రం అడుగు రాళ్లలోని అయస్కాంత చారలు, ఆ అడుగు పక్కలకు జరుగుతోందని చూపించాక ఒప్పుకోక తప్పలేదు.

గంగవరం_అక్క:
మాకు టెంకాయ పాయింట్లోనే నీళ్లు పడ్డాయి సార్. అది పక్కన పెట్టండి, పెద్దాయన కళ్లకు గుడ్డ కడతామంటే నొచ్చుకోడా?

రిటైర్డ్_జియాలజీ_చిత్తూరు:
నిజమేనమ్మా, గుడ్డ వద్దు. ఇంకో ఊరి నుంచి ఇంకొకాయన్ని వేరే రోజు పిలిపించండి, మొదటాయన పాయింట్లు చెప్పొద్దు. ఇద్దరివీ కలుస్తాయేమో చూడండి. ఎవరికీ అవమానం ఉండదు.

మామిడితోట_బంగారుపాళ్యం:
నాయన సరే అన్నాడు. రెండో ఆయన ఫీజు మాత్రం నేనే ఇయ్యాలంట.