ఒకేసారి ఎక్కువ కొనిపెట్టుకోవడం పొదుపా, దుబారానా?

చిట్టాపుస్తకం:

ఏడాదిగా మా ఇంట్లో తెగని వాదన ఒకటి మీ ముందు పెడుతున్నాను. ఇంటికి కావలసిన సరుకులు ఆఫర్ ఉన్నప్పుడు పెద్ద ప్యాకెట్లలో ఒకేసారి కొనేయాలంటారు మా వారు. ఏది అయిపోతే అది, ఎంత కావాలో అంతే తెచ్చుకుంటే చాలంటాను నేను. మాటలతో తేలేలా లేదని ప్రతి కొనుగోలూ ఒక నోట్‌బుక్‌లో రాయడం మొదలుపెట్టాను. మొదటి 6 నెలలు ఆయన పద్ధతిలో నడిచాం, తర్వాతి 6 నెలలు నా పద్ధతిలో.

మొదటి 6 నెలలు పూర్తయ్యాక అల్మారా ఖాళీ చేసి చూశాం. గడువు దాటిన క్రీములు రెండు, తేమ తగిలి గడ్డకట్టిన బట్టల పొడి, వాసన ఎవరికీ నచ్చక మూలన పడిన షాంపూ మూడు సీసాలు, ఎందుకు కొన్నామో ఇద్దరికీ గుర్తులేని బ్యాటరీలు. అన్నీ తక్కువకు వస్తున్నాయని కొన్నవే. నా పద్ధతిలో నడిచిన 6 నెలల్లో ఖర్చు తగ్గింది. అయితే ఆయన అడిగిన ఒక ప్రశ్నకు నేను జవాబు చెప్పలేకపోయాను. "ఒక్కో ప్యాకెట్‌కు నువ్వే ఎక్కువ ఇచ్చావు కదా, మరి మొత్తం ఎలా తగ్గింది?"

నాకు తోచింది ఇదీ: ఇంట్లో నిల్వ కనిపిస్తే చెయ్యి ధారాళమవుతుంది. ఒప్పుకోనివాళ్లు లెక్కతో రండి, వింటాను.

లెక్కతేలాలి:

లెక్కతో రమ్మన్నారు కాబట్టి వచ్చానండీ. ముందు మీ నోట్‌బుక్ మీదే ఒక అనుమానం. మొదటి 6 నెలల్లో కొన్న సరుకు అంతా అప్పుడే అయిపోయిందా? మిగిలింది తర్వాతి 6 నెలల్లో వాడుకుని ఉంటే, ఆ ఖర్చు మీ వారి ఖాతాలో పడింది, లాభం మీ ఖాతాలో చేరింది. అలాగైతే ఆ పోలిక చెల్లదు.

ఇక అసలు విషయం. 100కు వచ్చే ఆరు నెలల సరుకు ఒకేసారి కొంటే 88కి వచ్చిందనుకుందాం. ఆ 88 ఆరు నెలలూ అలాగే ఇరుక్కుపోదు. వాడుతున్నకొద్దీ నిల్వ తరుగుతుంది, సగటున చూస్తే 44 మాత్రమే అల్మారాలో ఉన్నట్టు. 44 పెట్టి ఆరు నెలల్లో 12 మిగుల్చుకున్నామంటే పావు వంతుకు పైనే. ఏ బ్యాంకు డిపాజిట్ ఇస్తుందండీ అంత?

రెండోది, దుకాణానికి ఎన్నిసార్లు వెళ్తున్నామన్నది. సబ్బు అయిపోయిందని వెళ్లి ఒక్క సబ్బుతో తిరిగొచ్చిన రోజులు ఎన్ని ఉంటాయో మీ నోట్‌బుక్‌లోనే చూడండి. వెళ్లిన ప్రతిసారీ ఏదో ఒకటి సంచిలో పడుతుంది. నెలకు ఒకసారి వెళ్తే మనసు ఒకసారే లాగుతుంది. ఎనిమిదిసార్లు వెళ్తే ఎనిమిదిసార్లూ లాగుతుంది. నేను ఆరేళ్లుగా నెలకు ఒక్కసారే వెళ్తున్నాను, జాబితా రాసుకుని. పొదుపంటే నాకు అదే.

ఒంటరిగది:

నేను ఒక్కడినే ఉంటాను. నాకు ఈ పెద్ద ప్యాకెట్ సలహా ఇవ్వని మనిషి లేడు. విని విని, పారేసి పారేసి, చివరికి కూర్చుని ఒక చిన్న లెక్క వేసుకున్నాను.

20 శాతం తగ్గింపుతో కొన్న సరుకులో 20 శాతం పాడైతే లాభం సున్నా. 80 ఇచ్చి 100 గ్రాములు కొన్నాను, 80 గ్రాములే వాడాను, అంటే గ్రాముకు ఒకటి చొప్పునే పడింది. మామూలు ధరకు చిన్న ప్యాకెట్ కొన్నా అంతే కదా. తగ్గింపు ఎంత శాతమో, పారేసేది అంత శాతానికి చేరిన క్షణమే ఆదా ఆవిరైపోతుంది. ఆ గీత దాటితే ఎదురు నష్టం. పైన చెప్పిన 88 లెక్కలో వంద పాళ్లలో పన్నెండు పాళ్లు పారేస్తే చాలు, డిపాజిట్‌ను మించిన ఆ లాభం మొత్తం చెత్తబుట్టలో పడ్డట్టే.

ఇది నా ఒక్కడి అజాగ్రత్త అనుకోకండి. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచమంతా వృథా చేసిన ఆహారం 105 కోట్ల టన్నులు. అందులో 60 శాతం వృథా అయింది హోటళ్లలోనో దుకాణాల్లోనో కాదు, ఇళ్లలో. అదంతా ఎవరో ఒకరు డబ్బు పెట్టి కొన్నదే. ఆ సంఖ్య చదివిన రోజు నా ఫ్రిజ్ తలుపు తీసి చాలాసేపు అలాగే నిలబడ్డాను.

చేతిసంచి:

తొమ్మిదేళ్లు సూపర్‌మార్కెట్‌లో పనిచేశాను, అరల్లో సరుకు సర్దే పని. మీరంతా పెద్ద ప్యాకెట్ అంటే చౌక అన్న నమ్మకంతోనే వాదించుకుంటున్నారు. ఆ నమ్మకమే ప్రతిసారీ నిజం కాదు. పెద్ద ప్యాకెట్‌లో గ్రాముకు పడే ధర చిన్నదానికన్నా ఎక్కువగా ఉన్న సందర్భాలు నా చేతుల మీదుగానే ఎన్నో వెళ్లాయి. ముఖ్యంగా చిన్న ప్యాకెట్ మీద ఆఫర్ నడుస్తున్న వారాల్లో. "ఫ్యామిలీ ప్యాక్" అని రాసి ఉంటే జనం ధర చూడకుండానే తీసుకుంటారు, ఆ మాట మీద అంత నమ్మకం.

కాబట్టి ముందు కిలోకు ఎంత, లీటరుకు ఎంత అని చూడండి. యూరోపియన్ యూనియన్ దేశాల్లో 1998 నాటి ఆదేశం ప్రకారం దుకాణాలు అమ్మకం ధరతో పాటు ఆ ధర కూడా రాసిపెట్టాలి. రాయని చోట ఫోన్‌లో క్యాలిక్యులేటర్ ఉంది, ధరను బరువుతో భాగిస్తే అయిపోయె. చిన్న పనే అయినా వందలో తొంభై మంది చేయరు అనిపించేది నాకు, రోజంతా అక్కడే నిలబడి చూసేవాణ్ణి కాబట్టి.

ఆఫర్ల మాటలు కూడా విప్పి చూసుకోవాలి. రెండు కొంటే ఒకటి ఉచితం అంటే సగం తగ్గింపు కాదు, మూడింటికి రెండింటి ధర, అంటే 33 శాతం. రెండోది సగం ధరకే అంటే మొత్తం మీద 25 శాతమే. 20 శాతం అదనం ఉచితం అంటే దాదాపు 17 శాతం తగ్గింపుతో సమానం. 50 శాతం మీద మరో 20 శాతం అంటే 70 కాదు, 60. వీటిలో అబద్ధం ఏదీ లేదు, కానీ చెవికి వినిపించేది ఒకటి, చేతికి వచ్చేది ఒకటి.

ఇంకొకటి, ధర మార్చకుండా లోపలి బరువు తగ్గించడం. రంగు అదే, డబ్బా అదే, గ్రాములు మాత్రం తక్కువ. ఫ్రాన్స్‌లో 2024 జూలై 1 నుంచి పెద్ద సూపర్‌మార్కెట్లు ఇలా బరువు తగ్గి, కిలో ధర పెరిగిన సరుకు దగ్గర రెండు నెలల పాటు ఆ విషయం రాసిపెట్టాలన్న నిబంధన వచ్చింది. ప్రతి దేశంలోనూ రావాలి. మనుషులు బరువు కాదు, డబ్బా గుర్తుపెట్టుకుంటారని కంపెనీలకు బాగా తెలుసు.

కూలిఇంటిబిడ్డ:

ఇంతసేపూ ఒక మాట కోసం ఎదురుచూశాను, ఎవరూ అనలేదు. ఒకేసారి కొనాలంటే చేతిలో ఒకేసారి డబ్బు ఉండాలి కదండీ.

మా అమ్మానాన్న ఏ రోజు కూలి ఆ రోజు తెచ్చుకునేవాళ్లు. మా ఇంట్లో షాంపూ అంటే చిన్న ప్యాకెట్టే, నూనె అంటే ఆ పూటకు సరిపడా. చిన్న ప్యాకెట్లలో ఎక్కువ ధర పడుతుందని మా అమ్మకు తెలియదనుకుంటున్నారా? మనందరికన్నా బాగా తెలుసు. పెద్ద డబ్బా కొంటే ఆ రోజు ఇంకేదో మానేయాలి, అంతే. మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఓర్హున్, పలాజోలో అనే ఇద్దరు పరిశోధకులు అమెరికా కుటుంబాలు టాయిలెట్ పేపర్ ఎలా కొంటున్నాయో కొన్నేళ్ల లెక్కలు తీసి చూశారు. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లు ఎక్కువ మొత్తంలో కొనడం, తగ్గింపు వచ్చేదాకా ఆగడం తక్కువ. డబ్బు చేతికందే నెల మొదట్లో మాత్రం వాళ్లూ మిగతావాళ్లకు దగ్గరగా కొంటున్నారు. అంటే తెలివి తక్కువై కాదు, చేతిలో ఆడక.

అందుకే పెద్ద ప్యాకెట్ కొనలేనివాళ్లకు పొదుపు తెలియదన్నట్టు ఎవరైనా మాట్లాడితే నాకు కడుపు మండుతుంది. మా అమ్మ ఒక పని చేసేది. పక్కింటి ఇద్దరితో కలిసి పెద్దది కొని, గిన్నెతో కొలిచి ముగ్గురూ పంచుకునేవాళ్లు. ధర పెద్దదానిది, నిల్వ చిన్నదానిది. ఒంటరిగా ఉండే ఆ అన్న కూడా ఇది ఆలోచించవచ్చు.

లెక్కతేలాలి:

కూలిఇంటిబిడ్డ గారూ, మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నా 88 లెక్కలో ఆ 88 ముందే చేతిలో ఉందన్న ఊహ ఉంది. అది రాయకపోవడం నా పొరపాటు. దానికి తోడు ఇంకో హెచ్చరిక కూడా నేనే చెప్పాల్సింది. చేతిలో లేదని క్రెడిట్ కార్డు మీద నిల్వ కొని, ఆ బాకీ నెలనెలా సాగదీస్తే, వడ్డీ ఆ తగ్గింపును మింగేస్తుంది. పైగా కార్డు చేతిలో ఉంటే ధర విషయంలో పట్టు సడలుతుంది. ఎంఐటీలో ప్రెలెక్, సిమెస్టర్ 2001లో ప్రచురించిన ప్రయోగం ఉంది. ఒక ఆట టికెట్లను వేలం వేశారు. నగదు ఇవ్వాలని చెప్పినవాళ్ల కన్నా కార్డుతో ఇవ్వవచ్చని చెప్పినవాళ్లు దాదాపు రెట్టింపు పాడారు. అదే టికెట్, పాడింది మాత్రం రెట్టింపు.

కానీ దుకాణానికి ఎన్నిసార్లు వెళ్తున్నామన్న నా మాటకు ఇంకా ఎవరూ జవాబివ్వలేదు. దాని మీద వెనక్కి తగ్గను.

ఒంటరిగది:

దానికి నేను చెబుతాను. ఎన్నిసార్లు వెళ్లామన్నది కాదండీ, ఎలాంటి మనసుతో వెళ్లామన్నది చూడాలి. నెలకోసారి వెళ్లేవాడు కూడా బండి నిండేదాకా తిరుగుతాడు. నేను వారానికి రెండుసార్లు వెళ్తాను, బండి తీసుకోను, చేతిలో పట్టినంతే తెస్తాను. బరువు చేతికి తెలుస్తుంది కాబట్టి అక్కర్లేనిది అక్కడే వదిలేస్తాను.

రిచర్డ్ థేలర్ అనే ఆర్థికవేత్త 1985లో ఒక వ్యాసంలో దీన్ని బాగా విడదీశారు. వస్తువు వల్ల కలిగే ఉపయోగం వేరు, బేరం బాగా కుదిరిందన్న తృప్తి వేరు. 2017లో ఆయనకు ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది. ఆ రెండో తృప్తి కోసమే ఎన్ని కొన్నానో నా గదిలో ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. సగం ధరకు వచ్చిందని కొన్న బూట్లు రెండేళ్లయినా డబ్బాలోనే ఉన్నాయి.

కూలిఇంటిబిడ్డ గారూ, పంచుకునే ఆలోచన బాగుంది. మా అంతస్తులో ఇంకో ఇద్దరు నాలాగే ఉన్నారు, అడిగి చూస్తాను.

చిట్టాపుస్తకం:

మూడు రోజులు ఆగి రాస్తున్నాను, నోట్‌బుక్ మళ్లీ మొదటి నుంచి తిరగేశాను.

లెక్కతేలాలి గారి అనుమానం నిజమే. మొదటి 6 నెలల నిల్వలో కొంత నా 6 నెలల్లో వాడుకున్నాం. ఆ విలువ నా ఖర్చుకు కలిపితే మా ఇద్దరి తేడా సగానికి పైగా తగ్గిపోయింది. మా వారికి ఆ మాట చెప్పడానికి ఒక పూట పట్టింది, కానీ చెప్పేశాను.

మిగిలిన తేడా ఎక్కడిదా అని వస్తువు వస్తువుగా విడదీశాను. ప్యాకెట్ విప్పిన తేదీ, అయిపోయిన తేదీ రాసే అలవాటు అదృష్టంకొద్దీ మొదటి నుంచీ ఉంది. టూత్‌పేస్ట్ చిన్నదైనా పెద్దదైనా వాడకం ఒకటే. బల్బులు, చెత్త సంచులు కూడా అంతే. వీటిలో మా వారే గెలిచారు.

బట్టల పొడి దగ్గర కథ మారింది. చిన్న ప్యాకెట్ 31 రోజులు వచ్చింది. దానికి నాలుగు రెట్లున్న పెద్దది 124 రోజులు రావాలి, కానీ 96 రోజులకే అయిపోయింది. గడ్డకట్టి పారేసింది పోను, మిగతాది మేమే గుప్పెళ్లతో పోశాం. పెద్దదాని మీద తగ్గింపు 18 శాతం. ఒంటరిగది గారి సూత్రం పెట్టి చూస్తే, మేము పోగొట్టుకున్నది దాదాపు 23 శాతం. అంటే తగ్గింపుతో కొని నష్టపోయాం. షాంపూదీ దాదాపు ఇదే దారి.

కాబట్టి నా పాత వాదన కొంచెం మార్చుకుంటున్నాను. నిల్వ ఉంటే అన్నీ ఎక్కువ వాడం. చేత్తో ఒంపుకునేవి, పోసుకునేవి ఎక్కువ వాడతాం. ఒక్కొక్కటిగా తీసి వాడేవి అలా కావు. ఇక నుంచి ఆ రెండో రకం మా వారి పద్ధతిలో, మొదటి రకం నా పద్ధతిలో. ఆయన మాత్రం బట్టల పొడిలో కొలత చెంచా వేస్తే పెద్ద ప్యాకెట్టే మేలని ఇంకా పట్టుబడుతున్నారు.

లెక్కతేలాలి:

ఆయన పక్షాన ఉన్నాను. ఒక పెద్ద ప్యాకెట్ చెంచాతో వాడి, ఎన్ని రోజులు వచ్చిందో రాయండి. ఆ 18 శాతం తగ్గింపు నిలవాలంటే అది కనీసం 102 రోజులు రావాలి. 103వ రోజు కూడా డబ్బాలో పొడి మిగిలి ఉంటే మీ వారిదే గెలుపు.

చేతిసంచి:

విప్పే ముందు బరువు కూడా ఒకసారి చూడండమ్మా. పోయినసారి కొన్నదాని బరువే ఉందో లేదో.

చిట్టాపుస్తకం:

ఇప్పుడే చూశాను. డబ్బా అదే, 50 గ్రాములు తక్కువ. లెక్క మళ్లీ వేయాలి.