5200 అని రాసున్న ప్రాసెసర్‌కి 6000 ర్యామ్ పెట్టొచ్చా?

కొత్తబిల్డర్:
మొదటిసారి సొంతంగా పీసీ కడుతున్నా. ప్రాసెసర్ రైజెన్ 5 7600. ఏఎమ్‌డీ వాళ్ల పేజీలో మెమరీ (ర్యామ్) స్పీడు డీడీఆర్5-5200 అని ఉంది. అందరూ 6000 కిట్ కొనమంటున్నారు. రెండు 16 జీబీ స్టిక్స్ వేద్దామని. 6000 పెడితే పని చేయదా, లేక డబ్బు దండగేనా?

క్లాక్‌పిచ్చి:
6000, సీఎల్30 (అడిగిన డేటా ఇవ్వడానికి ర్యామ్‌కి 30 క్లాకులు పడుతుందని). కళ్లు మూసుకుని కొనేయండి. 5200 ఏఎమ్‌డీ హామీ ఇచ్చే అంకె, అంతకు మించి నడవదని కాదు. 2022లో ఈ 7000 సిరీస్ ప్రాసెసర్లు వచ్చినప్పుడు 6000 దగ్గర బాగా కుదురుతుందని ఏఎమ్‌డీయే చెప్పింది. అక్కడ మెమరీ కంట్రోలర్ (ప్రాసెసర్‌లో ర్యామ్‌ను నడిపే భాగం), ర్యామ్ ఒకే క్లాక్‌లో నడుస్తాయి. 6400 దాటితే మామూలుగా కంట్రోలర్ సగం వేగానికి దిగిపోతుంది. అందుకే 7200 వైపు వెళ్లొద్దు. స్టిక్స్ రెండే వేయండి. నాలుగు వేస్తే ఆ హామీ 3600కి పడిపోతుంది.

పాతబోర్డు:
హామీ 5200కే అని మీరే అన్నారుగా. 6000 రావాలంటే బయోస్‌లో (బోర్డు సెట్టింగుల మెనూ) ఎక్స్‌పో ఆన్ చేయాలి, అంటే ర్యామ్‌ను దాని మీద రాసిన స్పీడుకు ఎక్కించే సెట్టింగ్. అది ఓవర్‌క్లాకింగే (హామీ ఇచ్చిన స్పీడు దాటి నడపడం), దానికి వారంటీ వర్తించదని ఏఎమ్‌డీయే రాసింది. నా పాత పీసీలో కూడా ర్యామ్ డబ్బా మీద ఉన్న స్పీడే పెట్టా. ఆరు నెలల్లో బ్లూ స్క్రీన్ ఒక్కటీ రాలేదు. తర్వాత చూస్తే బ్యాకప్‌లోకి కాపీ చేసిన ఫొటోలు కొన్ని సగం నుంచి కిందికి బూడిద రంగు. మా అమ్మాయి మొదటి పుట్టినరోజువి. మెమ్‌టెస్ట్ (ర్యామ్ తప్పులు పట్టే ప్రోగ్రామ్) పెడితే వరసగా ఎర్రర్లు. మామూలు స్పీడుకు దించాక ఒక్కటీ లేదు.

గుడ్లగూబ:
6000 మెగాహెర్ట్జ్ కాదండీ. క్లాక్ 3000, ఒక్కో క్లాక్‌కి రెండుసార్లు డేటా వెళ్తుంది.

క్లాక్‌పిచ్చి:
మెగాహెర్ట్జ్ అని ఇక్కడ ఎవరన్నారు?

గుడ్లగూబ:
పోయిన వారం వేరే చర్చలో మీరే.

సన్నాయి:
డీడీఆర్5లో ఈసీసీ (తప్పులు దిద్దుకునే ఏర్పాటు) ఉంటుందిగా, ఫొటోలు ఎలా పాడవుతాయి?

పాతబోర్డు:
నాది డీడీఆర్4. అయినా డీడీఆర్5లో ఉండేది చిప్ లోపలి తప్పులు దిద్దుకునేంత వరకే. చిప్ నుంచి ప్రాసెసర్‌కి వెళ్లే దారిలో తప్పు జరిగితే అది పట్టుకోదు.

క్లాక్‌పిచ్చి:
ఒక్క చెడ్డ స్టిక్ కథ చెప్పి కొత్తవాళ్లను హడలగొట్టకండి. లెక్క చూడండి: 5200 సీఎల్40 అంటే దాదాపు 15.4 నానోసెకన్లు, 6000 సీఎల్30 అంటే 10. 7800ఎక్స్3డీ ప్రాసెసర్ అయితే 96 ఎంబీ క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన మెమరీ) ఉంది కాబట్టి నెమ్మది ర్యామ్‌తోనూ నెట్టుకొస్తుంది. 7600కి ఉన్నది 32 ఎంబీయే.

పాతబోర్డు:
స్టిక్ చెడ్డది కాదు, ఇప్పటికీ నడుస్తోంది. మీకు గేమ్‌లో నాలుగు ఫ్రేములు తగ్గితే ఏడుపు. నాకు పోయినవి మళ్లీ తీసుకోగలనా?

క్లాక్‌పిచ్చి:
నాకు జాగ్రత్త తెలియదనా మీ ఉద్దేశం? ఎవరికి పీసీ కట్టినా రాత్రంతా మెమ్‌టెస్ట్ నడపనిదే ఇవ్వను. ఒక్క ఎర్రర్ వచ్చినా స్పీడు దించేస్తా.

పాతబోర్డు:
మరి ఆ ముక్క మొదటి పోస్టులో ఏది? ‘కళ్లు మూసుకుని’ అన్నారు. నాకు 6000తో పేచీ లేదు, ఆ మాటతోనే.

క్లాక్‌పిచ్చి:
టెస్ట్ అనగానే భయపడి అసలు ఎక్స్‌పో జోలికే వెళ్లరు. మా తమ్ముడు 6000 కిట్ కొని, ఎక్స్‌పో ఆన్ చేయక రెండేళ్లు 4800లోనే నడిపాడు.

పాతబోర్డు:
నడిపితే? వాడికేమైనా తేడా తెలిసిందా?

క్లాక్‌పిచ్చి:
నేను చెప్పేదాకా లేదు.

కొత్తబిల్డర్:
6000 తెచ్చేశా. అన్నీ బిగించి ఆన్ చేస్తే ఫ్యాన్లు తిరుగుతున్నాయి, తెర మాత్రం నల్లగానే ఉంది. ఐదు నిమిషాలైంది. టెన్షన్‌గా ఉంది.

పాతబోర్డు:
మెమరీ ట్రైనింగ్, బోర్డు ఆ ర్యామ్‌కి కుదిరే సెట్టింగులు వెతుక్కుంటోంది. మొదటిసారి అంతే. పవర్ తీయకండి.

క్లాక్‌పిచ్చి:
అవును, ముట్టుకోకండి.

కొత్తబిల్డర్:
వచ్చింది! 4800 అని చూపిస్తోంది. ఇప్పుడేం చేయమంటారు?